తొక్కని తావు

రెండో చావు కూడా ఖాయమని అద్దం దగ్గరికి వెళ్లకముందే భానుప్రియకు తెలిసిపోయింది.

ఆళ్లగడ్డ బజారులో రామమోహన్ చీరల అంగడి గాజు తలుపు తోయగానే ఎడమ చేతి పక్కన ఆరడుగుల అక్వేరియం. ఉప్పునీళ్లది. అందులోని అనిమోన్ బాగుంటే గుమ్మంలోంచే కనిపించాలి. రాయికి కాలు అతికించుకుని, వంద వేళ్ల అరచేయి చాచినట్టు విచ్చుకుని, నీటి వాలుకు ఊగుతూ ఉండాలి. చూసినవాళ్లు దాన్ని పువ్వనుకుంటారు. నిజానికి అదొక జంతువు. ఆ వేళ్ల నిండా కంటికి కనపడని విషపు ముళ్లు.

ఈ మంగళవారం గుమ్మంలోంచి రాయి ఒక్కటే కనిపించింది. దగ్గరికి పోయి వంగి చూస్తే, రాతి నెర్రెలో పిండి పడేసిన గుడ్డపీలికలాగా ముడుచుకుని ఉంది.

ట్యాంకులోని మిగతా ఇద్దరు కాపురస్తులకు మాత్రం ఏ లోటూ లేదు. నారింజ రంగు ఒంటికి తెల్ల పట్టీలు చుట్టుకున్న క్లౌన్ చేపలు, ఆడదీ మగదీ, మూలనున్న పంపు చుట్టూ తిరుగుతున్నాయి. అనిమోన్ వైపు కన్నెత్తి చూడటం లేదు.

భానుప్రియ చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. మూడోసారి కూడా. తర్వాత మూత ఎత్తి, వేలితో అనిమోన్‌ను మెల్లగా తాకింది. సత్తువున్న అనిమోన్ వేలిని పట్టుకుంటుంది. జిగురు కాగితంలా అంటుకుని, లాగితే గానీ వదలదు. మనిషి వేలి చర్మం మందం కాబట్టి ముల్లు దిగదు, ఆ పట్టు మాత్రం తెలుస్తుంది. ఇది పట్టుకోలేదు. తడి నూలుపోగులా జారిపోయింది.

"ఏందమ్మీ, ఇదీ పాయెనా?" వెనక నుంచి రామమోహన్ గొంతు.

"ఇంకా పోలేదన్నా."

"ఇంకా అంటాండావు, అంటే పోతాదనే కదా." రామమోహన్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి. రెండేళ్ల కింద పాత అంగడి పడగొట్టి, ఏసీ, గాజు తలుపులు, నున్నటి టైల్స్ పెట్టించినవాడు. "మొదటిది సచ్చినప్పుడు అంగడంతా కంపు. పెండ్లి చీరలకు వచ్చినోళ్లు ముక్కులు మూసుకుని పాయిరి. శుక్రవారం దాకా చూస్తా. శనివారం పొద్దున మీ ఓనర్ వచ్చి ఈ అద్దాల పెట్టె తీసుకపోవల్ల. ఇంకో మాట. ఇది ఎవురి వల్ల అయితాందో తెలిసిందనుకో, వాళ్లను మల్ల ఈ అంగట్లో అడుగు పెట్టనీను."

ఆఖరి మాట అంటూ అతను చూసింది భానుప్రియ చేతుల వైపే.

"ఆ పిల్లనెందుకురా అంటావు?" గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చున్న లక్ష్మీకాంతమ్మ అడ్డం వచ్చింది. రామమోహన్ తల్లి. డెబ్బై నాలుగేళ్లు. వెనకున్న దేవుని అరలో దీపం, ఆ అర ముందు చింతపండుతో తోమి మెరిపించిన చిన్న రాగి బిందె, వాటి ముందు ఈవిడ. అంగట్లో పాతకాలం మిగిలింది ఆ మూరెడు చోటులోనే. "ఎండన పడి వచ్చింది. రా అమ్మీ, మజ్జిగ తాగు."

"నువ్వు గమ్మునుండుమా," అన్నాడు రామమోహన్.

ఆమె గమ్మునుండి, మజ్జిగ గ్లాసు మాత్రం భానుప్రియ చేతిలో పెట్టింది.

* * *

నంద్యాలలో శ్రీనివాసులు నడిపే అక్వేరియం అంగట్లో భానుప్రియది నాలుగేళ్ల ఉద్యోగం. ఉయ్యాలవాడ రైతు కూతురు. నంద్యాలలోనే జువాలజీతో డిగ్రీ చేసింది. గోల్డ్ ఫిష్, గప్పీల బేరంతో సరిపెట్టుకునే శ్రీనివాసులును ఉప్పునీటి ట్యాంకు వైపు తిప్పింది ఆమే. నాలుగు నెలల కింద రామమోహన్‌కు అమ్మింది శ్రీనివాసులు అంగడి చరిత్రలోనే మొదటి సముద్రపు ట్యాంకు.

క్లౌన్ చేప అనిమోన్‌లో కాపురం చేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. సముద్రంలో పుట్టిన చేపకైతే అది నిజం. ఈ జంట పుట్టింది అద్దాల తొట్టిలో. వీటి అమ్మమ్మ కూడా సముద్రం చూసి ఉండదు. వీటికి అనిమోన్ అంటే ఏమిటో తెలియదు, తెలియజెప్పాలి. భానుప్రియ అద్దానికి బయట అనిమోన్ ఫోటో అంటించింది. వాటి తిండిని అనిమోన్ పక్కనే వదిలింది. చెన్నైలో ఒకాయన ట్యాంకులో రెండుగా చీలి పెరిగిన అనిమోన్‌ను తెప్పించి పెట్టింది. పదో రోజున ఆడచేప తోకతో దాని అంచును తాకి, చురుక్కుమనగానే పారిపోయి, మళ్లీ వచ్చింది. ఆ వీడియో చూసి శ్రీనివాసులు మిఠాయి తెప్పించాడు. పన్నెండో రోజున అనిమోన్ చచ్చి కరిగిపోయింది.

రెండోది వచ్చి మూడు వారాలు. ఈసారి చేపలు దగ్గరికే పోలేదు.

ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. ఆమె వేసే నాలుగు పరీక్షలూ సరిగ్గా ఉన్నాయి. మిగిలింది ఒకే అనుమానం. దాన్ని శ్రీనివాసులే పైకి అన్నాడు.

"ఆదివారం మీ నాయన మిరప తోటలో మందు కలిపితివి. సోమవారం అదే చేతులు ట్యాంకులో పెడితివి. చేప తట్టుకుంటాది పాపా. పువ్వు యాడ తట్టుకుంటాది?"

ఆ ఆదివారం భానుప్రియ మందు కలిపిన మాట నిజం. చేతులు కడుక్కున్న మాటా నిజమే. కానీ ఎంత కడిగితే పోయినట్టు? అప్పటి నుంచి ఆమె తోటకు పోవడం మానేసింది. తండ్రి ప్రభాకర్ ఫోన్ చేసి, "ఏందీ, చేపలకు సోకుతాదని నాయనను కూడా అంటుకోవా?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. బస్సులో, భోజనం దగ్గర, ఊరికే కూర్చున్నప్పుడు కూడా తన చేతులనే చూసుకునేది. ఇవి ప్రాణం తీసే చేతులేమో అన్న భయం ఒకసారి పట్టుకుంటే సబ్బుతో పోయేది కాదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఫోన్‌లో శ్రీనివాసులు మాట తేల్చేశాడు.

"మూడోది నేను తెప్పియ్యను. ఇది పోతే ట్యాంకు వాపసు వస్తాది. ట్యాంకుతో పాటు నువ్వూ నీ బట్టల పెట్టె సర్దుకోవల్ల. బాధపడద్దు, ఉన్నమాట చెప్తాండా."

* * *

సాయంత్రం నంద్యాల బస్సెక్కింది. రెండు చేతుల్లో రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు. కండక్టరుకు ఆమె బాగా తెలుసు. వారానికి రెండుసార్లు ఇదే బస్సు, ఇవే క్యాన్లు.

"ఏమ్మే, ఒక మాట అడుగుతా," అన్నాడు టికెట్ కొడుతూ. "పొద్దున నిండు క్యాన్లతో పోతావు. సాయంత్రం నిండు క్యాన్లతో వస్తావు. నీళ్లకు ఆళ్లగడ్డ చూపించుకొని వస్తాండావా?"

బస్సంతా నవ్వింది. వెనక సీటు ముసలాయన, "ఈసారి అహోబిలం చూపించమ్మా, పుణ్యం వస్తాది," అన్నాడు. భానుప్రియ కూడా నవ్వింది.

శిరివెళ్ల దాటేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ట్యాంకులో నీళ్లు రోజూ కొంత ఆవిరైపోతాయి. ఉప్పు మిగులుతుంది. అందుకని తగ్గినంత మేరా వడగట్టిన మంచినీళ్లు పోయాలి. ఆ నీళ్లే ఈ క్యాన్లలోవి. అద్దం మీద గీత గీసి, నీళ్లు గీత కిందికి దిగితే క్యాన్లోంచి పోయమని అంగట్లో పనిచేసేవాళ్లకు మొదటి రోజే చెప్పింది. ఆమె ఎప్పుడు పోయినా నీళ్లు సరిగ్గా గీత దగ్గరే ఉండేవి. పోస్తున్నారులే అనుకుంది. క్యాన్లేమో అక్కడున్నవి ఉన్నట్టే ఉండేవి. పెట్టేందుకు చోటు లేదని వాళ్లు కొత్తవి తిప్పి పంపేవాళ్లు. ఏసీ అంగడి కదా, ఎక్కువ ఆవిరి కావడం లేదులే అనుకుంది. కళ్ల ముందున్న ఈ రెండు సంగతులను నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

క్యాన్లలో నీళ్లు తగ్గలేదు. ట్యాంకులో నీళ్లూ తగ్గలేదు. ఈ మే నెల ఎండల్లో!

ఎవరో పోస్తున్నారు. క్యాన్లోవి కాదు. వేరే నీళ్లు.

ఎవరు? ఏం కలిపి?

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ కావాలని చేస్తున్నవాళ్లయితే ఆ ఫోన్‌తోనే జాగ్రత్త పడతారు. పైగా ఆమె మాట నమ్మేదెవరు? బుధవారమంతా నంద్యాల అంగట్లో పరీక్ష సీసాలు వెతుకుతూ గడిపింది. అట్టడుగు అరలో, దుమ్ము పట్టిన ఒక చిన్న పెట్టె దొరికింది. చేపల జబ్బులకు రాగి మందు వేసేటప్పుడు, నీళ్లలో రాగి ఎంతుందో చూసుకునే చుక్కల మందు. ఆళ్లగడ్డ ట్యాంకులో రాగి మందు ఎవరూ వేయలేదు కాబట్టి దాని అవసరమే రాలేదు. అన్నిటితో పాటు దాన్నీ సంచిలో వేసుకుంది.

* * *

గురువారం తొలి బస్సుకు ఆళ్లగడ్డలో దిగింది. అంగడికి ఎదురుగా టీ బంకు పక్కన నిలబడింది. రామమోహన్ వచ్చేది పదికి. పనివాళ్లు తొమ్మిదిన్నరకు. ఎనిమిదింటికి అంగడి తెరిచేది ఒక్కరే.

లక్ష్మీకాంతమ్మ వచ్చింది. కొంగున ముడేసిన తాళంచెవితో షట్టరు తీసింది. నలభై ఏళ్లు ఈ అంగడిని నడిపింది ఆమే. ఇప్పుడు బిల్లులు కంప్యూటరు కొడుతుంది, చీరలు అమ్మాయిలు చూపిస్తారు. ఆమెకు మిగిలింది ఈ పొద్దుటి గంటన్నర. ఊడ్చింది. దీపం పెట్టింది. ఊదుబత్తి తిప్పింది. భానుప్రియ టీ గ్లాసు చేతిలో చల్లారిపోతోంది.

తర్వాత ఆమె దేవుని అర ముందున్న రాగి బిందె చంకన పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. రోడ్డు మీద అప్పుడే బళ్లు మొదలయ్యాయి. వెనక్కి తిరిగింది. ట్యాంకు పక్కన స్టూలు వేసుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి మెల్లగా ఎక్కింది. మూత తీసింది. బిందె వంచి, పెదవులతో ఏదో అనుకుంటూ, సన్నటి ధారగా పోసింది. గీత దగ్గరికి రాగానే ఆపింది. క్లౌన్ చేపలు రెండూ పైకి వచ్చి ఆ ధార కింద ఆడుకుంటున్నాయి.

భానుప్రియ మొదట చూసుకున్నది తన చేతులను. ఇవి కాదు. ఇవి చంపలేదు! ఎగిరి గంతేసి శ్రీనివాసులుకు ఫోన్ చేయాలనిపించింది.

ఫోన్ బయటికి తీశాక మంగళవారం విన్న మాట గుర్తొచ్చింది. వాళ్లను మల్ల ఈ అంగట్లో అడుగు పెట్టనీను.

ఫోన్ సంచిలో వేసేసి రోడ్డు దాటింది.

"ఏందమ్మీ ఇంత పొద్దున్నే?" లక్ష్మీకాంతమ్మ స్టూలు దిగుతూ నవ్వింది. "కాఫీ తాగినావా?"

"అవ్వా, ఆ బిందెలో నీళ్లు రొన్ని ఇస్తావా?"

అడుగున మిగిలిన నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టింది. ట్యాంకు నీళ్లు ఇంకో సీసాలో. రెండింట్లో చుక్కలు వేసి, అట్ట మీది రంగుల పక్కన పెట్టింది. ట్యాంకు నీళ్లు మూడో గడి రంగుకు తిరిగాయి. బిందె నీళ్లు అట్ట మీదున్న ఆఖరి గడి కన్నా ముదురు రంగుకు పోయాయి.

"ఏమన్నా రోగమా నీళ్లకు?"

"రాగి అవ్వా. రాత్రంతా నిలవుంటే బిందెలోని రాగి రొంత రొంత నీళ్లలోకి దిగుతాది."

"దిగేదానికే కదా పోసి పెట్టేది. ఒంటికి మంచిది."

"మనకు మంచిది. ఈ మాత్రానికి చేపలకూ ఏం కాదు. ఎముక లేని జీవాలకు మాత్రం అది విషమవ్వా. ఆ పువ్వుకు..."

లక్ష్మీకాంతమ్మకు అర్థమైంది. స్టూలు మీద కూర్చుంది. బిందెను ఒళ్లోకి తీసుకుంది.

"నేను పోసింది మంచినీళ్లే కదమ్మీ," అంది.

"మంచినీళ్లే అవ్వా. నాకు తెలుసు. కానీ దీంట్లోనే ఎందుకు?"

"ఇంగ యాడ పొయ్యల్ల?" ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "దేవుని ముందర పెట్టిన నీళ్లు మరుసటి పొద్దుకు తియ్యల్ల, కొత్తవి పెట్టల్ల. తీసినవి మనుషులు తొక్కే తావున పొయ్యకూడదు. ముందర గుమ్మం పక్కన తులసమ్మ ఉండె. నలభై ఏండ్లు ఆ చెట్టుకే పోసినా. మీ అన్న కొత్త అంగడి కట్టించి ముందరంతా నున్నగా టైల్స్ పరిపించె. ముందర రోడ్డు, వెనక కాలవ. దేవుని నీళ్లు కాలవలో పోస్తానా? ఏడాదిన్నర పైన, రోజూ బిందె ఎత్తుకుని ఇంటికి పోయి పోసి వస్తాంటి. మోకాళ్లు పడిపాయె. ఈ అద్దాల పెట్టె వచ్చినాక మనసు కుదుటపడింది. ఎవురూ తొక్కరు. లోపల జీవాలుండాయి. దేవుని నీళ్లు తాగి సల్లగుంటాయి అనుకొంటి."

ట్యాంకులో పంపు సన్నగా గుర్రుమంటోంది.

నాలుగు నెలలుగా అందరూ చేపలనే చూశారు. చేపలు ఎందుకు పోవడం లేదు, చేపలకు ఎట్లా నేర్పాలి, చేపల్లో ఏం లోపం? చేపల్లో ఏ లోపమూ లేదు. ఇల్లు బాగాలేదని వాటికి అందరికన్నా ముందే తెలిసినట్టుంది. ఆ ఇల్లు చెడిందేమో దాని మీద కోపంతో కాదు. రోజూ ఒక బిందెడు ప్రేమ కొలిచి పోయడం వల్ల. ఇలాంటి నేరానికి ఏం పేరు పెట్టాలో భానుప్రియకు తోచలేదు.

"అవ్వా," అంది. "ఈ మాట మనిద్దరితోనే ఉండనీ. పంపులో వైరు తెగి, రాగి నీళ్లలోకి దిగిందని చెప్తా."

"పంపు పెట్టింది ఎవురు?"

"నేనే."

"అంటే నీ తప్పయితాది. నీ పని పోతాది."

"పోతే పోనీలే అవ్వా. ఇంకోటి దొరుకుతాది."

లక్ష్మీకాంతమ్మ ఆమె ముఖంలోకి చూసి చిన్నగా నవ్వింది. "నీకు అబద్ధం చెప్పేది రాదమ్మీ. నేను అంగట్లో కూచున్నదాన్ని. మొగం చూసి ఎంతకు బేరం ఆపుతారో చెప్తా. నువ్వు పోతే పోనీ అన్నప్పుడు నీ చెయ్యి ఆ అద్దాన్ని పట్టుకునింది. చూసుకో."

భానుప్రియ చూసుకుంది. నిజమే. అరచేయి ట్యాంకు అద్దానికి ఆనించి ఉంది.

* * *

రామమోహన్ పదింటికి వచ్చాడు. చెప్పులు విడిచీ విడవకముందే తల్లి పిలిచింది.

"ఇట్లరా. నీ పువ్వును సంపింది ఈ పిల్ల కాదు. నేను."

చీరలు మడతపెడుతున్న ఇద్దరు అమ్మాయిల చేతులు ఆగిపోయాయి. లక్ష్మీకాంతమ్మ ఏదీ దాచలేదు. బిందె, నీళ్లు, రాగి, మొదటిదీ, రెండోదీ. ధర ఎంతో చెప్పినంత తేటగా చెప్పింది. భానుప్రియ మధ్యలో ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

రామమోహన్ మొహం ఎర్రబడింది. "అందుకే కదమ్మా నేను చెప్తాండేది! ఇంట్లో కూచోమంటే యినవు. పొద్దున్నే వచ్చి నువ్వు చేసేదేంది ఈడ? మనుషులు లేరా?"

"కూచుంటా," అంది ఆమె. కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి గల్లా బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడు అంగడంతా వినిపించింది. "ఎవురి వల్లనో వాళ్లను అడుగు పెట్టనీనంటివి. మాట మింద నిలబడు. రేపటి నుంచి దీపం నువ్వు పెట్టు, బిందె నువ్వు నింపు. పోయేముందర ఒక్కటి చెప్పు. తీసిన నీళ్లు నువ్వు యాడ పోస్తావు? ఈ అంగట్లో మనిషి తొక్కని తావు ఒకటి చూపించు, పోతా."

రామమోహన్ నోరు తెరిచాడు. చెయ్యి చాచి ఎటో చూపించబోయాడు. చెయ్యి గాల్లోనే తిరిగింది. గుమ్మం, టైల్స్. లోపల, టైల్స్. మెట్లు, టైల్స్. అన్నీ తనే దగ్గరుండి, ఒక్క నెర్రె లేకుండా పరిపించినవి. చెయ్యి దించేశాడు.

అంతలో ఎవరో గాజు తలుపు తోసుకుని, "అన్నా, పట్టుచీరలు చూపిస్తారా?" అన్నారు. అమ్మాయిలు అటు పరుగెత్తారు. తల్లీకొడుకులు కదల్లేదు.

కాసేపటికి అతను తల్లి వైపు చూడకుండా భానుప్రియను అడిగాడు.

"బతుకుతాదా అది?"

"తెలీదన్నా. రోజు మార్చి రోజు నీళ్లు మార్చల్ల. బొగ్గు పెట్టి రాగిని లాగల్ల. రాయి మీద పట్టు విడవకుంటే బతుకుతాది."

"శనివారం ఎవురూ రావద్దని మీ ఓనర్‌కు చెప్పు."

తాళంచెవి బల్ల మీదే ఉంది. సాయంత్రం భానుప్రియ బస్సుకు బయల్దేరేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

బస్టాండులోంచి శ్రీనివాసులుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. క్షమించమంటాడేమోనని ఒక్క క్షణం ఎదురు చూసింది.

"ఆ రాగి టెస్టు పెట్టెలో చుక్కలు ఎన్ని మిగిలినాయి?" అన్నాడు. "వారానికి రెండుసార్లు చూడల్ల ఇంగ. అయిపోతే ఇంకోటి తెప్పిస్తా."

నాలుగేళ్ల పరిచయంతో అదే క్షమాపణ అని ఆమెకు అర్థమైంది.

* * *

అనిమోన్ చావలేదు. బతికినట్టూ లేదు. పది రోజులు గుడ్డపీలికలాగే ఉంది. పదకొండో రోజు వేళ్ల కొనలు నాలుగు బయటికి వచ్చాయి. నెల దాటాక పిడికెడైంది. శిరివెళ్ల మీదుగా పోయే బస్సులో క్యాన్లు ఇప్పుడు ఖాళీగా తిరిగొస్తున్నాయి. కండక్టరుకు కొత్త జోకు దొరకలేదు.

ఆ గురువారం తర్వాత భానుప్రియ రెండోసారి వెళ్లేసరికే తాళంచెవి లక్ష్మీకాంతమ్మ కొంగున ఉంది. అది అక్కడికి ఎట్లా వచ్చిందో తల్లి చెప్పలేదు, కొడుకూ చెప్పలేదు. మూడోసారి వెళ్లినప్పుడు గుమ్మం పక్కన రెండు టైల్స్ ఊడదీసి ఉన్నాయి. ఆ గుంటలో ఎర్రమట్టి, మట్టిలో జానెడు తులసి మొక్క, చుట్టూ ఎవరి కాలూ పడకుండా నాలుగు బేతంచెర్ల బండ ముక్కలు. నున్నటి ముఖద్వారం మీద అది పన్ను ఊడిన నోరులా ఉంది. రామమోహన్ దాని పక్కనుంచి నడుస్తాడు, దాని గురించి మాట్లాడడు.

ట్యాంకులో గీతకు నీళ్లు పోసే పని కూడా లక్ష్మీకాంతమ్మదే. క్యాన్లోంచి, ప్లాస్టిక్ మగ్గుతో. "ప్లాస్టిక్ చెంబు నా చేత పట్టిస్తివి కదే," అని ప్రతిసారీ సణుగుతుంది. గీత మాత్రం వెంట్రుకవాసి తప్పదు.

ఇక చేపల సంగతి. నెలల తరబడి పంపు దగ్గర కాపురం చేసినవి పక్కకు కదలవు. రెండింటినీ అనిమోన్‌నూ ఒకేచోట కొన్నాళ్లు మూసి ఉంచాలంది భానుప్రియ. నీళ్లు ఆడే రంధ్రాలున్న బుట్ట కావాలి. లక్ష్మీకాంతమ్మ దేవుని పూలు తెచ్చే ప్లాస్టిక్ బుట్ట తీసి ఇచ్చింది.

"ఇది నీ పూజ బుట్ట కదవ్వా?"

"అదీ పువ్వే కదమ్మీ. పెట్టు."

మొదటి రోజు చేపలు బుట్ట అంచునే తిరిగాయి. రెండో రోజు ఆడది వెనక్కి నడిచినట్టు వచ్చి, తోక కొసతో ఒక వేలిని తాకింది. ఒళ్లంతా జలదరించి పారిపోయింది. వచ్చింది. ఈసారి తోకతో పాటు పొట్ట అంచు. పారిపోయింది. మళ్లీ వచ్చింది. స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని లక్ష్మీకాంతమ్మ పొద్దంతా అదే చూసింది.

"కుడతాంది కదమ్మీ. ఎందుకు పోతాది మల్ల?"

"కొంచెం కొంచెంగా ఒరుసుకుంటే దీని ఒంటి మీది జిగురు మారుతాది అంటారవ్వా. అప్పుడు అది కుట్టదు. పూర్తిగా ఎట్లనో ఎవురికీ తెలీదు."

"రెండింట్లో ఏది మారుతాది? చేపనా, పువ్వా?"

భానుప్రియ జవాబు చెప్పబోయి ఆగింది. పుస్తకంలో చేప అనే ఉంది. కానీ ఆ ప్రశ్న అడిగిన మనిషి కళ్లు గుమ్మం పక్కనున్న రెండు టైల్స్ ఖాళీ వైపు ఉన్నాయి.

"ఇంకా చూడల్ల అవ్వా," అంది.

నాలుగో రోజున ఆడచేప వేళ్ల మధ్యకు దూరి, పక్కకు ఒరిగి, రొప్పు తీర్చుకుంటున్నదానిలా పడుకుంది. బుట్ట తీసేయగానే మగది పంపు దగ్గరికి పరుగెత్తింది. వారమైనా తిరిగి రాలేదు. "వస్తాడులే, మొగోడు కదా, ఆలస్యం," అంది లక్ష్మీకాంతమ్మ. గల్లా దగ్గర రామమోహన్ విననట్టు బిల్లు కొట్టాడు.

ఆ ఆదివారం భానుప్రియ ఉయ్యాలవాడ పోయి, తండ్రితో కలిసి పొద్దు వాలేదాకా తోటలో పనిచేసింది. కొత్త నారుకు సాళ్లు సరిచేశారు. గోళ్ల సందుల్లో మట్టి నిండింది.

సోమవారం ఆళ్లగడ్డలో చేతులు కడుక్కుంది. ఒక్కసారే. మూత ఎత్తి, ఆడచేప కోపంగా తల అడ్డం పెడుతున్నా పట్టించుకోకుండా, అనిమోన్ అంచుకు వేలు అందించింది.

"పట్టుకునిందా?" స్టూలు మీద నుంచి లక్ష్మీకాంతమ్మ మెడ చాచింది.

భానుప్రియ వేలు వెనక్కి లాగింది. రాలేదు. ఇంకొంచెం లాగింది.

"పట్టుకునింది అవ్వా. ఇడ్సడం లేదు."